రోడ్డు మీద గుర్రపు స్వారీకి కెమెరా: తప్పకుండా పెట్టుకోండి, హెల్మెట్ మీద మాత్రం వద్దు

మీ ప్రశ్న మొత్తం చదివాను. యార్క్‌షైర్ పల్లె ప్రాంతంలో ఉంటున్నారు. లివరీ యార్డ్‌లో (డబ్బు కట్టి గుర్రాలను ఉంచే చోటు) ఒక గుర్రాన్ని షేర్‌కి, అంటే యజమానితో ఖర్చు పంచుకునే పద్ధతిలో, తీసుకుని ఈ మధ్యే ఒంటరిగా రోడ్డు మీదకి వెళ్లడం మొదలుపెట్టారు. కార్లు రాసుకుంటూ పోతున్నాయి. హెల్మెట్‌కి కెమెరా బిగిస్తే చట్టం ఒప్పుకుంటుందా, పోలీసులు ఆ వీడియో పట్టించుకుంటారా, ఎలాంటిది కొనాలి అని అడిగారు. పడితే ఆ కెమెరాయే తలకి ముప్పు తెస్తుందని మీవారు భయపడుతున్నారని కూడా రాశారు.

ముందు మీవారి మాట తీసుకుందాం, ఎందుకంటే ఆయన భయపడుతున్నది సరైన విషయానికే. నేను ఇంగ్లండ్‌లో చాలా ఏళ్లుగా స్వారీ చేస్తున్నాను, కొత్తగా రోడ్డెక్కేవాళ్లకి తోడుగా వెళ్తుంటాను. ఎవరడిగినా చెప్పేది ఒక్కటే: కెమెరా ఉండాలి, అది ఛాతీ మీద ఉండాలి.

స్వారీ హెల్మెట్ పైభాగం నున్నగా, గుండ్రంగా ఉండడానికి కారణం ఉంది. మనిషి పడ్డప్పుడు తల నేల మీద జారిపోవాలి, ఎక్కడా పట్టుకోకూడదు. పట్టుకుంటే శరీరం ముందుకు పోతుంటే తల అక్కడే ఆగి మెడ మెలి తిరుగుతుంది. హెల్మెట్ మీద పైకి పొడుచుకొచ్చిన గట్టి వస్తువు ఏది ఉన్నా ఆ ప్రమాదం పెరుగుతుంది. దానికి తోడు దెబ్బ హెల్మెట్ అంతటా పరుచుకోవాల్సింది పోయి కెమెరా ఉన్న ఆ ఒక్క చోటే దిగుతుంది. ఈవెంటింగ్ అనే గుర్రపు పోటీల్లో, ఆరుబయట అడ్డంకులు దూకించే క్రాస్ కంట్రీ భాగంలో, ముందువైపు గట్టి అంచు (పీక్) బిగించి ఉన్న హెల్మెట్లను అనుమతించరు, ఆ అంచు లేని నున్నటి జాకీ స్కల్ క్యాప్ మాత్రమే వాడాలి. చిన్న అంచు విషయంలోనే అంత పట్టుదలగా ఉంటే, 150 గ్రాముల చుట్టూ బరువుండే యాక్షన్ కెమెరాని నడినెత్తిన పెట్టుకోవడం గురించి ఆలోచించండి. పిల్లలకి స్వారీ నేర్పే పోనీ క్లబ్ తన కార్యక్రమాల్లో హెల్మెట్ కెమెరాలను అసలు ఒప్పుకోదు.

ఇంకో సంగతి. మీ హెల్మెట్ లోపల పాస్ 015 అనో, వీజీ1 అనో, ఏఎస్‌టీఎం ఎఫ్1163 అనో భద్రతా పరీక్ష పాసైనట్టు చెప్పే లేబుల్ ఉంటుంది. ఆ పరీక్షలన్నీ హెల్మెట్‌ని ఉన్నదున్నట్టు పెట్టి చేసినవి. దానికి స్క్రూ వేసినా, జిగురు స్టిక్కర్ అంటించినా ఆ లేబుల్‌ని నమ్మడానికి లేదు. కొన్ని జిగుర్లలోని రసాయనాలు ప్లాస్టిక్ పెంకుని లోలోపల బలహీనం చేస్తాయి, పైకి ఏమీ కనిపించదు. హెల్మెట్‌తో వచ్చిన చిన్న పుస్తకాన్ని ఒకసారి తీసి చూడండి, తయారీదారు ఈ హెచ్చరిక ఇచ్చాడేమో.

ఛాతీకి పెట్టుకునే ఎలాస్టిక్ పట్టీ గానీ, కెమెరా జేబు కుట్టి ఉన్న హై-విజ్ (దూరం నుంచే కొట్టొచ్చినట్టు కనిపించే రంగు) జాకెట్ గానీ దొరుకుతాయి. బాడీ ప్రొటెక్టర్ వేసుకుంటే దాని మీద పట్టీ వేసుకోండి. అప్పుడు కెమెరాకీ మీ ఎముకలకీ మధ్య మందపాటి ఫోమ్ ఉంటుంది. చిన్నవి, తేలికవి ఎంచుకోండి. ఇన్‌స్టా360 గో 3 లాంటివి 35 గ్రాములే ఉంటాయి, వాటితో దెబ్బ భయం చాలా తక్కువ. మెడలో తాడుతో వేలాడదీసుకునేవి మాత్రం వద్దేవద్దు, కొమ్మకి తగులుకుంటే ఉరి అవుతుంది.

గాలితో ఉబ్బే ఎయిర్ వెస్ట్ వాడేవాళ్లు ఇది జాగ్రత్తగా చదవాలి. పడగానే ఆ జాకెట్ క్షణంలో ఉబ్బుతుంది. దాని మీద బిగుతుగా పట్టీ ఉంటే పూర్తిగా విచ్చుకోలేదు, లోపలున్న మీ పక్కటెముకలనే నొక్కుతుంది. కాబట్టి ఎయిర్ వెస్ట్ మీద కెమెరా పట్టీ వేయకండి. అలాంటప్పుడు గుర్రం రొమ్ముకి కట్టే బ్రెస్ట్‌ప్లేట్ పట్టీకి చిన్న కెమెరా తగిలించవచ్చు. వీడియో కొంచెం ఊగుతుంది, కింది నుంచి తీసినట్టు ఉంటుంది, అయినా పనికొస్తుంది.

ఇక చట్టం. ఇంగ్లండ్‌లోనూ వేల్స్‌లోనూ పబ్లిక్ రోడ్డు మీద వీడియో తీయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. సొంత అవసరానికి తీసుకున్న వీడియోకి డేటా రక్షణ చట్టం పెద్దగా అడ్డురాదు. దాన్ని నలుగురిలో పెట్టినప్పుడు చిక్కులు మొదలవుతాయి. లివరీ యార్డ్ మాత్రం ప్రైవేటు స్థలం. అక్కడ పిల్లలుంటారు, బట్టలు మార్చుకునేవాళ్లు ఉంటారు. గేటు దాటాక రికార్డింగ్ మొదలుపెట్టండి, తిరిగి గేటు దగ్గరే ఆపండి, యార్డ్ యజమానికి ముందే ఒక మాట చెప్పండి. గేటు దగ్గర ఆపి చేయమన్నానే గానీ, నడుస్తున్న గుర్రం మీద బటన్ల కోసం తడుముకోమని కాదు. పగ్గాలు రెండు చేతుల్లో ఉండాల్సిన సమయంలో ఒక చెయ్యి కెమెరా మీద ఉందంటే ఆ కెమెరా ఇంట్లో ఉండడమే మేలు.

పోలీసులు పట్టించుకుంటారా అన్నారు. పట్టించుకుంటారు, పద్ధతిగా ఇస్తే. వేల్స్‌లో మొదలైన ఆపరేషన్ స్నాప్ అనే ఏర్పాటు ఇప్పుడు ఇంగ్లండ్‌లో చాలాచోట్ల ఉంది. మీ ప్రాంతపు పోలీసు వెబ్‌సైట్‌లో వీడియో పంపే పేజీ ఉంటుంది. డాష్‌క్యామ్ వీడియోలు, సైకిల్ మీద తీసినవి, గుర్రం మీద తీసినవి అన్నీ అక్కడే పంపాలి. వాళ్లు సాధారణంగా చూసేది 1988 నాటి రోడ్ ట్రాఫిక్ చట్టంలోని మూడో సెక్షన్, అంటే అజాగ్రత్తగా బండి నడపడం. ఫలితం హెచ్చరిక ఉత్తరం కావచ్చు, డ్రైవర్‌కి క్లాసు కావచ్చు, 100 పౌండ్ల జరిమానాతో పాటు లైసెన్సు మీద 3 పెనాల్టీ పాయింట్లు కావచ్చు, మరీ ఘోరమైతే కోర్టు. చివరికి ఏమైందో చాలా పోలీసు విభాగాలు మీకు వివరంగా చెప్పవు. దానికి నిరుత్సాహపడకండి.

ఇక్కడ గడువు చాలా ముఖ్యం. అజాగ్రత్త డ్రైవింగ్ కేసు పెట్టాలంటే, ఘటన జరిగిన 14 రోజుల్లోపు బండి రిజిస్టర్ అయినవాళ్లకి నోటీసు చేరాలి. చేరకపోతే వీడియో ఎంత స్పష్టంగా ఉన్నా కేసు నిలవడం కష్టం. ఆ 14 రోజుల్లో పోలీసులు వీడియో చూడాలి, నిర్ణయం తీసుకోవాలి, ఉత్తరం పోస్టు చేయాలి. వారాంతంలో తీరిగ్గా పంపుదాంలే అనుకుంటే పని చెడుతుంది. అదే రోజు రాత్రి పంపండి, మరీ కుదరకపోతే మర్నాడు. అక్కడికక్కడే ప్రమాదం జరిగిన సందర్భాల్లో ఈ నోటీసు షరతు మామూలుగా వర్తించదు.

ప్రమాదం మాట వచ్చింది కాబట్టి ఇదీ తెలుసుకోండి. బండి వల్ల గుర్రానికి గాయమైతే డ్రైవర్ ఆగి తీరాలి, పేరూ చిరునామా ఇవ్వాలి. ఇవ్వకపోతే 24 గంటల్లోపు పోలీసులకి చెప్పాలి. అదే చట్టంలోని 170వ సెక్షన్ చెప్పే జంతువుల జాబితాలో గుర్రం, గాడిద, కంచరగాడిద, పశువులు, గొర్రె, మేక, పంది, కుక్క ఉన్నాయి. తగిలించి వెళ్లిపోవడం దానికదే నేరం, మీ కెమెరా ఉపయోగం అక్కడ అందరికీ అర్థమవుతుంది.

దగ్గరగా పోవడం అంటే ఎంత దగ్గర? 2022 జనవరి 29 నుంచి అమల్లోకి వచ్చిన హైవే కోడ్ (ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకం) దీన్ని అంకెల్లో చెప్పింది. గుర్రాన్ని దాటేటప్పుడు గంటకు 10 మైళ్ల లోపు వేగం, అంటే దాదాపు 16 కిలోమీటర్లు, కనీసం 2 మీటర్ల ఎడం. 163వ రూల్, 215వ రూల్ చూడండి. ఇవి ఇంగ్లీషులో 'మస్ట్' (చేసి తీరాలి) అని కాకుండా 'షుడ్' (చేయడం మంచిది) అని సలహాగా చెప్పిన రూల్సే. అందుకని 1.8 మీటర్ల దూరంలో వెళ్లాడని చెప్పి దానికదే కేసు పెట్టలేరు. కానీ డ్రైవర్ అజాగ్రత్తగా ఉన్నాడా లేదా అని తేల్చేటప్పుడు కోర్టు హైవే కోడ్‌ని లెక్కలోకి తీసుకోవచ్చని చట్టమే చెబుతుంది. మీ వీడియో బలం అంతా ఇక్కడే ఉంది. ఎడం ఎంత, వేగం ఎంత, గుర్రం ఎలా స్పందించింది, ఈ మూడూ అందులో కనిపించాలి.

చాలామంది వీడియోలు తేలిపోయేది ఎడం విషయంలోనే. యాక్షన్ కెమెరాల్లో ముందుగా సెట్ చేసి ఇచ్చేది వైడ్ యాంగిల్. అందులో వస్తువులన్నీ ఉన్నదానికంటే దూరంగా కనిపిస్తాయి. మీ కాలికి తగిలేంత దగ్గరగా పోయిన కారు వీడియోలో ఎంతో దూరంగా పోయినట్టు ఉంటుంది, చూసే అధికారి ఇందులో తప్పేముంది అనుకుంటాడు. సెట్టింగ్స్‌లో 'లీనియర్' అనో 'నారో' అనో ఉంటుంది, దానికి మార్చండి. రోడ్డు మధ్యలో తెల్ల గీత ఉంటే అది ఫ్రేములో పడేలా కెమెరా కోణం కొంచెం కిందికి వంచండి. కారు చక్రాలు గీతకి ఇవతలే ఉన్నాయా, అవతలికి వెళ్లాయా అన్నది కంటితో చూసి చెప్పవచ్చు, మీటర్లలో వాదించుకునే పని ఉండదు. మీరు కుడిచేతిలో పొడవాటి స్కూలింగ్ విప్ (సన్నటి స్వారీ బెత్తం) రోడ్డు వైపు పట్టుకునే అలవాటున్నవారైతే ఇంకా మంచిది. అది డ్రైవర్‌కి ఎంత చోటు వదలాలో చూపిస్తుంది, వీడియోలో కొలమానంగానూ పనికొస్తుంది.

నంబర్ ప్లేట్ సంగతి. వెనక నుంచి వచ్చి మిమ్మల్ని దాటే కారు ముందు ప్లేటు మీ ముందువైపు కెమెరాకి కనిపించదు. దాటాక కనిపించే పసుపు రంగు ప్లేటు మీదే ఆధారపడాలి. ఆ అక్షరాల ఎత్తు 79 మిల్లీమీటర్లే, పైగా మీరు ఎత్తు మీద కూర్చుని కిందికి చూస్తున్నారు, గుర్రం కదులుతోంది. సెకనుకి 60 ఫ్రేములు పెట్టుకోండి, కనీసం 1080పీ ఉండాలి, వీడియో ఊగకుండా చూసే స్టెబిలైజేషన్ ఆన్‌లో ఉంచండి. 4కే అని ఆశపడి 30 ఫ్రేములకి దిగితే, శీతాకాలపు మసక వెలుతురులో ప్లేటు అలుక్కుపోయినట్టు వస్తుంది. వీటన్నిటికంటే తేలికైన మార్గం ఒకటుంది, డబ్బు ఖర్చు లేనిది: కారు దాటగానే నంబరు పైకి చదవండి. కెమెరా మైకులో రికార్డవుతుంది. అక్షరాలు మసకగా ఉన్నా మీ గొంతు ఉంటుంది. కారు రంగు, కంపెనీ, ఏ ఊరి వైపు పోతోందో కూడా చెప్పండి. మామూలు గొంతుతో, నెమ్మదిగా చెప్పండి. మీరు అరిస్తే గుర్రం ఇంకా బెదురుతుంది.

వెనక వైపుకి రెండో కెమెరా అవసరమా అంటే, మొదట్లో అక్కర్లేదు. వెనక కెమెరా కారు ఎంత వేగంతో వచ్చిందో, మిమ్మల్ని చూసి కూడా వేగం తగ్గించలేదన్న సంగతి బాగా చూపిస్తుంది. మలుపులెక్కువున్న రోడ్డు మీద రోజూ వెళ్లేవాళ్లకి అది విలువైనదే. కానీ రెండు బ్యాటరీలు, రెండు కార్డులు, రెండు గడియారాలు చూసుకోవాలి. ముందు ఒకదానితో అలవాటు పడండి.

గడియారం గురించి తేలిగ్గా తీసుకోకండి. కెమెరాలో తేదీ, సమయం తప్పుంటే డ్రైవర్ తరఫు లాయరు పట్టుకునే మొదటి విషయం అదే. మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం గంట మారుతుంది కదా, ఆ రెండు రోజులూ కెమెరాని సరిచేయాలని ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, బయల్దేరేదాకా లోపలి జేబులో వెచ్చగా ఉంచుకోండి. కెమెరా చేసే బీప్ శబ్దాలన్నీ ఆపేయండి. ఎర్ర లైటు మెరవడం కూడా ఆపండి, కొన్ని గుర్రాలకి అది పడదు. కొత్త పట్టీ వేసుకుని నేరుగా రోడ్డు మీదకి పోకండి. ముందు యార్డ్ అరీనాలో వేసుకుని నడిపించండి, ట్రాట్ (చిన్నపాటి పరుగు) చేయించండి, ఎక్కి దిగి చూడండి. మీరు ముందుకి వంగినప్పుడు కెమెరా జీను ముందుభాగానికి తగులుతుందో లేదో అక్కడే తెలుస్తుంది.

ఘటన జరిగిన క్షణంలో కెమెరా ఉందన్న సంగతే మరిచిపోవాలి. ముందు గుర్రం. ఊపిరి నెమ్మదిగా తీసుకోండి, పగ్గాలు ఒక్కసారిగా లాగకండి, దగ్గర్లో గేటు గానీ ఖాళీ చోటు గానీ ఉంటే అక్కడికి పక్కకి తీసుకోండి. డ్రైవర్ వెంట పడకండి, బూతులు వద్దు, వేలు చూపించడాలు వద్దు. మీరు పంపే వీడియోలో మీ ప్రవర్తన కూడా ఉంటుంది, చూసేవాళ్లు రెండు వైపులా చూస్తారు. మీరు మలుపులో మరో స్వారీ చేసేవారితో పక్కపక్కన వెళ్తున్నారా? హైవే కోడ్ 53వ రూల్ ప్రకారం ఇరుకు రోడ్ల మీద, రద్దీ రోడ్ల మీద, మలుపుల్లో ఒకరి వెనక ఒకరు పోవాలి. ఫుట్‌పాత్ మీద నడిపిస్తున్నారా, ఫోన్ చూస్తున్నారా, అదంతా కనిపిస్తుంది. నెమ్మదిగా వెళ్లిన ప్రతి డ్రైవర్‌కీ చెయ్యెత్తి థ్యాంక్స్ చెప్పండి, చెయ్యి తీయలేని పరిస్థితైతే తల ఊపి నవ్వండి. వీడియోలో అది కూడా మీ తరఫున మాట్లాడుతుంది. అంతకంటే ముఖ్యంగా, ఆ డ్రైవర్ తర్వాత ఎదురయ్యే గుర్రానికి కూడా చోటిస్తాడు.

పోలీసులకి వీడియో పంపేటప్పుడు కత్తిరించకండి, పాట పెట్టకండి, బాణం గుర్తులు వేయకండి. ఘటనకి ముందూ తర్వాతా కొంతభాగం ఉండాలని అడుగుతారు, మీ విభాగం పేజీలో ఎంత కావాలో రాసి ఉంటుంది. అవసరమైతే కోర్టుకి వచ్చి సాక్ష్యం చెబుతారా అని అడుగుతారు. చెప్పలేనంటే చాలాసార్లు కేసు అక్కడితో ఆగిపోతుంది, కాబట్టి ముందే మనసులో తేల్చుకోండి.

ఇక ఫేస్‌బుక్. మనవాళ్లలో ఈ అలవాటు ఎక్కువ కాబట్టి గట్టిగా చెబుతున్నాను. వీడియోని ఊరి గ్రూపులోనో, తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులోనో పెట్టి "వీడెవడో కనిపెట్టండి" అనకండి. ఆన్‌లైన్‌లో పెట్టిన వీడియోలను తీసేయమని పోలీసులు అడుగుతారు, కేసు దెబ్బతినవచ్చు. ప్లేటులో ఒక్క అక్షరం తప్పు చదివితే ఏ సంబంధం లేని కుటుంబం ఇంటి మీదకి జనం పడతారు. ఆ ఆవేశం మంచి పనికి వాడదామంటే గుర్రాల కోసం, స్వారీ చేసేవాళ్ల కోసం పనిచేసే బ్రిటిష్ హార్స్ సొసైటీ వాళ్ల 'హార్స్ ఐ' యాప్ ఉంది, 2021లో తెచ్చారు. పెద్ద ప్రమాదమే కానక్కర్లేదు, కొద్దిలో తప్పినవి కూడా అందులో నమోదు చేయవచ్చు. ఏ రోడ్ల మీద ఇబ్బంది ఎక్కువో చూపించి కౌన్సిళ్లతోనూ ప్రభుత్వంతోనూ మాట్లాడడానికి ఆ సమాచారమే వాళ్ల చేతిలో ఆధారం. పోలీసులకి పంపినా సరే, అందులోనూ రాయండి.

ఇది చదువుతున్నవాళ్లలో స్వారీ చేయని, కార్లు నడిపే తెలుగువాళ్లే ఎక్కువ ఉంటారని తెలుసు. మీకో మాట. మన ఊళ్లలో హారన్ కొట్టడం అంటే "వస్తున్నాను, చూసుకోండి" అని మర్యాదగా చెప్పడం. ఇక్కడ గుర్రం వెనక హారన్ కొడితే అర టన్ను బరువున్న జంతువు మీ బానెట్ మీదకి ఎగరవచ్చు. హారన్ వద్దు, ఇంజిన్ రేస్ చేయొద్దు, దాటగానే ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కొద్దు. హైవే కోడ్‌లో ఇది స్పష్టంగా ఉంది. స్వారీ చేస్తున్నవాళ్లు చెయ్యెత్తి ఆగమంటే ఆగండి, వాళ్లకి మీకు కనిపించనిదేదో కనిపిస్తోంది.

మళ్లీ మీ దగ్గరికి. బడ్జెట్ ఎంతో రాయలేదు. చేతిలో డబ్బు పరిమితమైతే నేను పెట్టే వరుస ఇది. మొదట మీకూ గుర్రానికీ హై-విజ్, గుర్రానికి కాళ్ల పట్టీలూ తోక పట్టీ కూడా, ఎందుకంటే కదిలే కాళ్లని డ్రైవర్లు దూరం నుంచే గుర్తుపడతారు. తర్వాత థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్. బ్రిటిష్ హార్స్ సొసైటీ గోల్డ్ సభ్యత్వంలో అది కలిసి వస్తుంది. షేర్‌కి తీసుకున్న గుర్రం కాబట్టి యజమాని ఇన్సూరెన్స్ మీకు వర్తిస్తుందని అనుకోవద్దు, రాతపూర్వకంగా అడగండి. ఆ తర్వాత అదే సొసైటీ నడిపే రైడ్ సేఫ్ శిక్షణ. అప్పుడు కెమెరా. కెమెరా కారుని ఆపదు, జరిగినదానికి సాక్ష్యం చెబుతుంది, అంతే. కెమెరా పెట్టుకున్నామన్న ధైర్యంతో ఇంతకుముందు భయపడి మానేసిన రోడ్డు మీదకి వెళ్లొద్దు.

కొనేటప్పుడు లూప్ రికార్డింగ్ (కార్డు నిండితే పాతది చెరిపి కొత్తది రాసుకోవడం) ఉందా, బ్యాటరీ మార్చుకునే వీలుందా, వాన తట్టుకుంటుందా అని చూడండి. సెకండ్ హ్యాండ్‌లో మూడు నాలుగేళ్ల నాటి మోడల్ అయినా ఈ పనికి సరిపోతుంది. మెమరీ కార్డు దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. పదేపదే రాసి చెరిపే పనికి తట్టుకునే 'హై ఎండ్యూరెన్స్' రకం తీసుకోండి. ఏమీ జరగని రోజు వీడియో ఆ సాయంత్రమే చెరిపేయండి. ఏదైనా జరిగితే కార్డు తీసి పక్కన పెట్టి, కాపీ మాత్రమే పోలీసులకి పంపండి. కేసు ముగిసిందని వాళ్లు చెప్పేదాకా ఆ కార్డుని మళ్లీ కెమెరాలో పెట్టకండి, కాబట్టి మొదటి నుంచీ కార్డులు రెండు కొనుక్కోండి.